వెంకట్రాజం ఐదో గేరు

వెంకట్రాజం మనిషిని తూచకుండా నమ్మేవాడు కాదు. తూచాక కూడా నమ్మేవాడు కాదు.

తొర్రూరులో నలభై ఏండ్లు మిర్చి దుకాణం నడిపినవాడు. బస్తా పైన ఎర్రగా కళకళలాడే కాయ పోసి, అడుగున తాలు కాయ కుక్కి తెచ్చేవాళ్లను చూసీ చూసీ, లోకంలో ప్రతి బస్తాకీ అడుగున తాలు ఉంటుందని ఖాయం చేసుకున్నాడు. కౌసల్య ఉన్నన్నాళ్లు ఈ గుణానికి పగ్గం ఉండేది. "గుడికి పోయినా ప్రసాదం వాసన చూసి తింటవు నువ్వు" అనేది ఆమె. అతనికి కోపం వచ్చేది, కానీ చెయ్యి ముక్కు దగ్గరి నుంచి దిగేది. ఆమె పోయి మూడేండ్లు. పగ్గం పట్టేవాళ్లు లేరు. దుకాణం తాళాల దగ్గర కొడుకు భరత్‌నే అనుమానించాడు. వాడు తాళాల గుత్తి గల్లాపెట్టె మీద పెట్టి హన్మకొండ పోయి వేరే దుకాణం పెట్టుకున్నాడు. చుట్టాలు పిలుపులు తగ్గించారు. పిలవకపోతే పీడ పోయిందనుకున్నాడు వెంకట్రాజం. పోయింది పీడ కాదని అతనికి తెలుసు, ఒప్పుకోడు.

మిగిలినవాళ్లు ఇద్దరు. ఒకరు కూతురు అక్షర. భూపాలపల్లిలో సర్కారు బడి టీచరు. రెండో మనిషి మెకానిక్ జాల్యా.

జాల్యా మిగలడానికి కారణం బండి. వెంకట్రాజం దగ్గర పాత ఇంపాలా ఉంది. అమెరికా బండి, ఎనిమిది సిలిండర్ల ఇంజను. బానెట్టు మీద మంచం వేసుకుని పడుకోవచ్చు. దుకాణం బాగా నడిచిన ఏడు, ఒక దొర కొడుకులు పంపకాల్లో అమ్ముకుంటుంటే కొన్నాడు. పచ్చగడ్డి వాసన తప్ప ఏమీ ఎరగని రైతు కూడా ఆ బండి శబ్దం వింటే సైకిల్ దిగి నిలబడేవాడు. ముందు సీటుకు కౌసల్య కుట్టిన గలీబు ఇప్పటికీ ఉంది. ఇంట్లో ఆమె చీరలు ఎవరెవరికో పోయాయి. గలీబు పోలేదు.

నెలకోసారి ఆ బండిలో భూపాలపల్లి పోతాడు. బస్సులో పోవచ్చు కదా అంటే, బస్సులో పోయేవాడు ఒంటిగాడు. ఇంపాలాలో పోయేవాడు పక్క సీటులో పెళ్లాన్ని కూర్చోబెట్టుకుని పోతాడు. ఈ మాట అతను ఎవరికీ చెప్పలేదు. ఆ బండిని ముట్టుకోగలిగిన చెయ్యి ఈ చుట్టుపక్కల జాల్యాదొక్కటే. ఆ చెయ్యి వెనక్కి తీస్తే బండి ఆగుతుంది. బండి ఆగితే వెంకట్రాజానికి ఇల్లు దాటే తోవ లేదు.

ఆ ఏడు వానలు వెనకబట్టినాక, మహబూబాబాద్‌లో ఒక పెండ్లికి పోయి వస్తుంటే బండి లోపల కంకర నమిలినట్టు చప్పుడైంది. గేరు పడలేదు. ట్రాక్టరు కట్టి జాల్యా షెడ్డుకు లాక్కొచ్చారు. మహబూబాబాద్ రోడ్డు మీద రేకుల షెడ్డు, పక్కన లచ్చవ్వ చాయ్ దుకాణం. జాల్యా బండి కిందికి దూరి, గేర్‌బాక్స్ దించి, నూనె పళ్లెంలో వంచాడు. నూనెతో పాటు ఇనుప పళ్లు నాలుగు టకటక రాలాయి.

"అయిపాయెనన్న" అన్నాడు జాల్యా. "మూడు గేర్ల బాక్సు. గిది నీ కంటె ముసల్ది."

"పళ్లు కట్టియ్యరాదా?"

"నీకు కట్టిస్తరు. దీనికెవడు కడ్తడు?"

లచ్చవ్వ చాయ్ గ్లాసులు కడుగుతూ నవ్వింది. వెంకట్రాజం నవ్వలేదు.

జాల్యా చేతులు తుడుచుకుంటూ బండి చుట్టూ తిరిగాడు. "ఒక ముచ్చట చెప్త ఇను. నువ్వు భూపాలపల్లి తొవ్వల ఎనభై మీద పోతే ఇంజను ఎట్ల అరుస్తది?"

"కోసినట్టు అరుస్తది."

"ఎందుకంటె దానికి మూడోదే ఆఖరు గేరు. ఇంజను ఒక చుట్టు తిరిగితె ఎనక చక్రాలు తిప్పే షాఫ్టు గూడ ఒక్క చుట్టే. ఇప్పటి బండ్లల్ల ఐదో గేరుంటది. ఓవర్‌డ్రైవ్ అంటరు. ఇంజను ఒక చుట్టు తిరిగేవరకు షాఫ్టు ఒకటింబావు తిరుగుతది. ఇంజను నడుస్తది, బండి ఉరుకుతది. వేడి గాదు, పెట్రోలు తాగది, చప్పుడుండదు. ఎట్లయినా బాక్సు మార్చాలె. మార్చేది ఐదో గేరున్నదే పెడ్దం."

చప్పుడుండదన్న మాట వెంకట్రాజం చెవిలో నిలిచింది. కౌసల్యకు ఆ అరుపు పడేది కాదు. కొంగు చెవులకు అడ్డం పెట్టుకునేది.

"దొరుకుతదా?"

"దొరుకుడు కష్టం. చిన్న కార్లది పెడితె నీ ఇంజను బలానికి వారంల పిండైతది. బలమున్న పెద్ద బండిది గావాలె. మధ్యల ఒక మందం ప్లేటు లేతు మిషను మీద కోపియ్యాలె, షాఫ్టు పొడుగు తగ్గియ్యాలె." జాల్యా తలకాయ షెడ్డు మూలకు తిరిగి మళ్లీ ఇటు వచ్చింది. "నా తాన ఒకటున్నది. చూస్తవా?"

మూలన గోనె సంచి కప్పి ఉంది. సంచి తీస్తే, నల్లగా మడ్డి పట్టిన బాక్స్.

"ఏ బండిది?"

"పదిమంది పట్టే బండిది."

"ఏ ఊరిది?"

"గా దిక్కుదే" అన్నాడు జాల్యా, భూపాలపల్లి దిక్కు చెయ్యి ఊపి. "మంచిది అన్న. నా చేతులతోని విప్పిన."

జాల్యా ఏది చెప్పినా మొదలు నుంచి కొస దాకా చెప్పే మనిషి. ఇవాళ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అది వెంకట్రాజం చూశాడు. చూసి ఊరుకున్నాడు. అడిగితే ఎదుటివాడు సర్దుకుంటాడు, అడగకపోతే దొరుకుతాడు అన్నది అతని వ్యాపారం.

"ఆలోచిస్త" అన్నాడు.

మరునాడు జనగామ బస్సెక్కాడు. అక్కడ అక్క కొడుకు అరవింద్‌కు బండ్ల విడిభాగాల దుకాణం ఉంది. పెద్ద అద్దాలు, లోపల చల్లగాలి, గోడకు వరసగా వేలాడే బెల్టులు. అరవింద్ మామను కూర్చోబెట్టి, బాదంపాలు తెప్పించి, ఒక బాక్స్ చూపించాడు. బూడిద రంగు కొత్తగా వేసి ఉంది. గిన్నె తోమినట్టు మెరుస్తోంది.

"ఐదు గేర్లు మామా. సరుకు బండిది. టన్నులకు టన్నులు మోసిన బాక్సు. నీ ఇంపాలా దీనికి దూదిపింజ."

"జాల్యా కాడ ఒకటున్నది."

"ఎక్కడిదట?"

"చెప్పలే."

అరవింద్ గ్లాసు కింద పెట్టాడు. "చెప్పడు. నేను చెప్తున్న, నాకైతె ఎక్కడ కొన్ననో కాయితముంటది. షెడ్డులల్ల పెట్టేటివి ఏ బండిలకెళ్లి గుంజుకొచ్చిన్రో ఎవలకు ఎరుక? రేపు పోలీసోళ్లొచ్చి బానెట్టు లేపితె, పేరు జాల్యాది రాయరు. వెంకట్రాజం సేటుది రాస్తరు."

అరవింద్‌ను కూడా వెంకట్రాజం నమ్మలేదు. పెండ్లిళ్లకు కిరాయికి తిప్పడానికి ఇంపాలా మీద కన్నేశాడని అతనికి తెలుసు. కానీ మనోడు మోసం చేస్తే ధర దగ్గర చేస్తాడు, పరువు దగ్గర చేయడు అని ఒక లెక్క వేసుకున్నాడు. లెక్క తప్పు. చాలామంది ఆ లెక్కే వేసి మునిగారు.

ఆ సాయంత్రం తొర్రూరులో బస్సు దిగి నేరుగా షెడ్డుకు నడిచాడు. జాల్యా బయటికి వీపు పెట్టి ఫోన్ మాట్లాడుతున్నాడు. ఇంట్లో భార్య గోరీతో. తమ లంబాడా తాండా మాటల్లో, గొంతు తగ్గించి. వెంకట్రాజం రేకు చాటున ఆగిపోయాడు. మాటలు పారుతున్నాయి, అర్థం కావడం లేదు. మధ్యలో "సేటు" అన్న మాట వినబడింది. తరువాత ఒక మాట, రెండుసార్లు.

"ఛోరీర్ గాడీ."

చోరీ అంటే దొంగతనం. గాడీ అంటే బండి. బజారు ఉర్దూ వచ్చినవాడికి ఇంతకంటే తేటగా ఎవరు చెప్పాలి? దొంగబండి. సేటుకు అంటగడుతున్నాడు, పెళ్లాంతో చెప్పుకుంటున్నాడు.

నలభై ఏండ్లు ఆ తాండాల మిర్చి కొన్నాడు. తాండా వాళ్ల భాషలో అతనికి వచ్చినవి తూకం మాటలు, ధర మాటలు. అంతకు మించి నేర్చుకోవాల్సిన అవసరం అతనికి పడలేదు.

చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగి పోయాడు. ఆ రాత్రి జాల్యా ఇన్నేండ్లలో చేసిన పనులన్నీ ఒక్కొక్కటే తీసి మళ్లీ చూశాడు. అప్పుడు మార్చిన కార్బ్యురేటరు ఎక్కడిది? ఆ వెనక టైర్లు ఎక్కడివి? ఒకసారి తాలు కనబడ్డాక బస్తా అంతా గుమ్మరించాల్సిందే. తెల్లారేసరికి జాల్యా అతనికి ముప్పై ఏండ్ల దొంగ అయిపోయాడు.

అరవింద్‌కు ఫోన్ చేసి బాక్స్ పంపమన్నాడు.

ట్రాలీ ఆటోలో అది షెడ్డుకు దిగిన రోజు జాల్యా కూతురు భాగ్య కూడా అక్కడ ఉంది. ముప్పై లోపు వయసు. కుడి కాలు చాపి స్టూలు మీద కూర్చుంది. కాలికి రాడ్లు వేసి ఏడాది అయినా వంగదు. భూపాలపల్లి దిక్కు ఏదో బండి పడి కాలు విరిగిందని వెంకట్రాజం విన్నాడు. ఏ బండో, ఎట్లా పడిందో అడగలేదు. చాయ్ దుకాణం ముందు నలుగురైదుగురు ఉన్నారు.

జాల్యా మెరిసే బాక్స్‌ను చూశాడు, వెంకట్రాజాన్ని చూశాడు.

"అర్వింద్ సేటు పంపిండా?"

"నేను కొన్న. గిది పెట్టు."

"పెడ్త. పెట్టే ముందట ఒకటి చూపిస్త, రా."

సుద్దముక్క తెచ్చి, బాక్స్ ముందు కడ్డీ మీద ఒక గీత, వెనక కడ్డీ మీద ఒక గీత పెట్టాడు. ఐదో గేరు వేసి ముందు కడ్డీని చేత్తో మెల్లగా తిప్పాడు. ముందు గీత ఒక చుట్టు తిరిగి పైకొచ్చింది. వెనక గీత కూడా ఒక చుట్టు తిరిగి పైకొచ్చింది.

"చూసినవా? ఒకటికి ఒకటి. సరుకు బండి బాక్సు అన్న ఇది. నాలుగు గేర్లు బరువు గుంజనీకె, ఐదోది నీ పాత మూడోదానంతే. ఐదు గేర్లున్నయంటె ఉన్నయి. ఓవర్‌డ్రైవ్ మాత్రం లేదు. నీ ఇంజను ఎట్ల అరుస్తదో గట్లనే అరుస్తది."

తరువాత గోనె సంచి తీసి మడ్డి బాక్స్‌కూ గీతలు పెట్టాడు. ముందు గీత ఒక చుట్టు తిరిగేసరికి వెనక గీత ఒక చుట్టు దాటి పక్కకు పోయింది. పావు చుట్టు.

"గిది పోయింది చూడు. గీ పావు నీకు గావాల్సింది."

కండ్ల ముందు తిరిగింది. అయినా వెంకట్రాజానికి కనబడింది ఒక్కటే, అరవింద్ బాక్స్‌ను ఇతను దిగదీస్తున్నాడు, తన సరుకు అమ్ముకోవడానికి. సుద్ద గీతలు ఎవడు గీస్తే వాడి మాట చెబుతాయి.

"ఎక్కడిది జాల్యా గా బాక్సు?" అన్నాడు. గొంతు పెరిగింది. చాయ్ తాగేవాళ్లు ఇటు తిరిగారు.

"చెప్పిన గదన్న."

"చెప్పలే. ఇప్పుడు చెప్పు. దొంగబండి సామాను నాకెందుకు అంటగడ్తున్నవ్?"

జాల్యా భుజం మీది తువ్వాల తీసుకుని మెడ, భుజం తుడుచుకున్నాడు. ఉక్కపోతకు తుడుచుకున్నాడు. వెంకట్రాజం చూసి, "చూసిన్రా? గుమ్మడికాయల దొంగంటె భుజాలు తడుముకుంటున్నడు" అన్నాడు, చాయ్ తాగేవాళ్ల దిక్కు తిరిగి.

ఎవరూ నవ్వలేదు. లచ్చవ్వ స్టవ్వు మంట తగ్గించింది.

"దొంగబండి అని ఎవలు చెప్పిన్రు?" జాల్యా గొంతు మెత్తగానే ఉంది.

"నీ నోటితోనే విన్న. మొన్న ఫోన్ల. చోరీ గాడీ అన్నవు, ఒకసారి గాదు, రెండుసార్లు. సేటు పేరు గూడ తీసినవు. నాకు చెవులున్నయి జాల్యా."

మాట వచ్చింది స్టూలు మీద నుంచి.

"మా మాటల ఛోరీ అంటె ఆడపిల్ల, సేటు. బిడ్డ." భాగ్య మెల్లగా, బడిలో పిల్లలకు చెప్పినట్టు చెప్పింది. "ఛోరీర్ గాడీ అంటె బిడ్డ బండి. గా బిడ్డను నేనే. భూపాలపల్లిల టీచర్లను ఊర్లకు దించెటి బండి నాది. రేగొండ కాడ మోరీల పడ్డది. బండి తుక్కుకు పోయింది. బాపు గా బాక్సు ఒక్కటి విప్పి దాచిండు, నేను మల్ల బండి తోల్తనని. నేను తోల్త లేను. సేటుకు ఇయ్యి, కౌసల్య పెద్దమ్మ కూసున్న బండి గద, మంచిగ నడుస్తది అని చెప్పింది నేనే."

వెంకట్రాజం మడ్డి బాక్స్ దిక్కు చూశాడు.

"మరి దాచుడెందుకు?" అన్నాడు వెంకట్రాజం.

"పడ్డ బండి సామాను అపశకునమంటవని" అన్నాడు జాల్యా. "నీకు చెప్పొద్దని గోరీకి చెప్తున్న గా పొద్దు. గదే నువ్విన్నది."

అప్పుడు తప్పైందన్న ఒక్క మాట చాలు. ఆ మాట వెంకట్రాజం నోటి దాకా వచ్చింది కూడా. కానీ అయిదుగురు చూస్తున్నారు. వ్యాపారంలో తప్పిన తూకాన్ని అతను ఏనాడూ బయట ఒప్పుకోలేదు.

"ముందుగాల్నే చెప్తె ఈ లొల్లి ఎందుకైతుండె?" అన్నాడు. "తప్పు నీదే."

జాల్యా కిందికి వంగి సుద్దగీతలు బొటనవేలితో తుడిచేశాడు. రెండు బాక్సులవీ.

"అడిగితె చెప్తుంటి. నువ్వు అడగలే. చాటుకు నిలబడి విన్నవు." లేచాడు. "నీ బండి తీస్కపో సేటు."

ముప్పై ఏండ్లలో జాల్యా అతన్ని ముఖం మీద సేటు అనడం అదే మొదలు.

ఇంపాలాను జనగామ లాక్కుపోయారు. అరవింద్ మనుషులు మెరిసే బాక్స్ బిగించారు. ఐదు గేర్లూ పడ్డాయి. మొదటి గేరులో బండి గుట్ట ఎక్కే ఎద్దులా మూలిగింది. భూపాలపల్లి పోతూ, పరకాల దాటాక రోడ్డు ఖాళీగా దొరికితే వెంకట్రాజం ఐదో గేరు వేసి తొక్కాడు. ఇంజను కోసినట్టు అరిచింది. ఇంకో గేరు ఉందేమోనని చెయ్యి కాడ మీదికి పోయింది. లేదు. రేగొండ దగ్గర బానెట్టు కింద నుంచి ఆవిరి పొంగింది. పక్కకు ఆపి, చెట్టు లేని ఎండలో, గలీబు ఉన్న సీటు పక్కన కూర్చుని అక్షరకు ఫోన్ చేశాడు.

అక్షర స్కూటీ మీద వచ్చింది. నీళ్ల సీసా ఇచ్చి, జరిగింది విన్నది.

"మా బడిల సగం ఛోరీలే నాయినా" అన్నది చివరికి. "రోజు హాజరు తీసుకుంటున్న. ఒక్కటన్న దొంగతనం పోలే."

"నాకెట్ల ఎరుక?"

"ఎరుక లేనప్పుడు మనుషులు అడుగుతరు. నువ్వు ఠాణా పెడ్తవు." స్కూటీ స్టార్టు చేసింది. "ఎక్కు. ఎండల ఎంతసేపు కూసుంటవ్? జాల్యా కాక రాకుంటె ఈ బండి గిక్కడనే ఉంటది. నాకైతె అది తోలవశం గాదు."

ఆ మాట వెంకట్రాజానికి సూటిగా తగిలింది. బండి అక్కడే ఉంటుంది. రేగొండ నుంచి తాడు కట్టి తొర్రూరు తెచ్చినా, ఇంటి ముందు రేకు కింద ఉంటుంది. గలీబు మీద కోడి పడుకుంటుంది.

రెండు వారాలు బిగబట్టాడు. తరువాత కొడకండ్ల బస్సెక్కి, దిగి, జాల్యా తాండాకు నడిచాడు. ఇంత కాలంగా ఆ తాండా మిర్చి తిన్న దుకాణం అతనిది. తాండాలో అడుగు పెట్టడం మాత్రం ఇదే. పిల్లలు చుట్టూ చేరి, ఎవరి ఇంటికని అడిగారు. ఒక ఆడపిల్ల ముందు నడిచి తోవ చూపింది. దాన్ని ఏమని పిలవాలో అతనికి ఇప్పుడు తెలుసు, పిలవలేదు.

గోరీ మంచం వాల్చి, నీళ్లు ఇచ్చింది. చెంబును చూసి తాగాడు. జాల్యా గడప మీద కూర్చున్నాడు. భాగ్య గోడకు ఆనుకుని నిలబడింది.

"బండి రేగొండ కాడ ఆగింది" అన్నాడు వెంకట్రాజం.

"విన్న" అన్నాడు జాల్యా. "ఎక్కడాగాల్నో గక్కడనే ఆగింది."

"గా బాక్సు నాకు గావాలె. నువ్వే పెట్టాలె."

"నాది గాదు. నా బిడ్డది. బిడ్డనడుగు."

వెంకట్రాజం భాగ్య దిక్కు తిరిగాడు. ఆడపిల్లను బతిమాలడం అతనికి అలవాటు లేదు. ఎవరినీ బతిమాలడం అలవాటు లేదు. "ఇస్తవా బిడ్డా?" అన్నాడు. మాట పొడిగా వచ్చింది.

"ఇస్త" అన్నది భాగ్య. "లచ్చవ్వ దుకాణం కాడ ఏమన్నవో గక్కడనే నిలబడి ఛోరీ అంటె ఏందో చెప్పు. గప్పుడున్నోళ్లే ఉండాలె. తాండల దొంగ అన్న మాట తొందరగ తిరుగుతది సేటు. నీకు తెల్వదు. మా తమ్ముడు పిల్లను చూడబోతె వాళ్లు గీ ముచ్చట అడిగిన్రు."

"గంత దూరం పోయిందా?"

"నీ నోటికెళ్లి వచ్చింది గద. నీ మాటకు బజార్ల బరువున్నది."

అది పొగడ్తో తిట్టో అతనికి తేలలేదు. ఇంటికి వచ్చాక కూడా తేలలేదు. వీళ్లు తనను నలుగురిలో నిలబెట్టి నవ్వడానికే చేస్తున్నారా అని ఒక రాత్రంతా దొర్లాడు. పొద్దున లేచి గలీబు ఉతికాడు. ఎందుకు ఉతికాడో అతనికే తెలియదు, బండి ఇంకా రేగొండలోనే ఉంది.

ఆదివారం పొద్దున లచ్చవ్వ దుకాణం ముందు ఆ అయిదుగురూ ఉన్నారు. ఎవరు చెప్పారో, ఇంకో పదిమంది కూడా ఉన్నారు. వెంకట్రాజం చాయ్ తీసుకోకుండా నిలబడ్డాడు.

"మొన్న ఇక్కడ జాల్యాను దొంగ అన్న" అన్నాడు. "ఛోరీ అంటె వాళ్ల మాటల ఆడపిల్ల. గా బాక్సు జాల్యా బిడ్డ బండిది. నేను తప్పు విన్న."

"విన్నది తప్పు గాదు సేటు" అన్నది భాగ్య, స్టూలు మీది నుంచి లేవకుండా. "అన్నది తప్పు."

వెంకట్రాజం దవడ కదిలింది. "తప్పు అన్న" అన్నాడు.

లచ్చవ్వ చాయ్ పోసి చేతిలో పెట్టింది. "తాండల మిర్చి కొనుడు మొదలుపెట్టినకెళ్లి ఇప్పటికి ఒక మాట నేర్చినవ్ సేటూ" అన్నది. "ఇంకొక మాట నేర్చేవరకు లోకంల మిర్చి మొక్క మిగుల్తదో లేదో."

ఈసారి అందరూ నవ్వారు. జాల్యా నవ్వలేదు. వెంకట్రాజం అది చూశాడు.

రేగొండ నుంచి బండి వచ్చింది. మెరిసే బాక్స్ దిగింది. లేతు మీద కోసిన ప్లేటు, కురచ చేసిన షాఫ్టు సిద్ధమయ్యాయి. బిగించే రోజు వెంకట్రాజం పొద్దున్నే షెడ్డుకు వచ్చాడు. మడ్డి కడిగిన బాక్స్ చెక్కబల్ల మీద ఉంది. ఇదివరకు బండి పని పెట్టుకున్న రోజుల్లో జాల్యా, "అన్న, ఇంట్ల పండుకో, సాయంత్రం రా" అనేవాడు. ఇవాళ అనలేదు.

"ఇటు రా సేటు" అన్నాడు. "బాక్సు పక్కన నిలబడు."

"ఎందుకు?"

భాగ్య ఫోన్ తీసింది. "ఫొటో. బాక్సు, బండి నంబరు, నువ్వు, మూడు పడాలె. రేపు నువ్వు మల్ల దొంగ బాక్సని మాట మారిస్తె మా తాన సాక్ష్యమొకటుండాలె గద."

"నేను మాట మారుస్తనా?"

జాల్యా పానా చేతిలో తిప్పుతూ అతన్ని చూశాడు. ఆ చూపు వెంకట్రాజానికి కొత్త కాదు. బస్తా మూతి విప్పి, పై కాయ పక్కకు తోసి, అడుగుకు చెయ్యి పెట్టేటప్పుడు తన కండ్లలో ఉండే చూపు అది. ఇన్నేండ్లలో అవతలి దిక్కు ఎప్పుడూ నిలబడలేదు.

"ఏమో" అన్నాడు జాల్యా. "ఎవలకెరుక?"

చాయ్ దుకాణం నుంచి ఎవరో తొంగి చూస్తున్నారు. వెళ్లిపోవచ్చు. పోతే బండి ఇక్కడే ఉంటుంది, జాల్యా ఇక్కడే ఉంటాడు, తను ఒక్కడే ఇంటికి పోతాడు. వెంకట్రాజం బాక్స్ పక్కకు జరిగి, దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇనుము చల్లగా ఉంది.

భాగ్య ఫొటో తీసి, వేళ్లతో పెద్దది చేసి చూసింది.

"మొఖం సరిగ పడలే" అన్నది. "ఇంకొకటి తీస్త. కండ్లు ఇటు పెట్టు."

వెంకట్రాజం కండ్లు అటు పెట్టాడు.